ఘాటీ ఎక్కితే తగ్గిపోయే రేడియేటరు నీళ్లు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి రాయగడ, జయపురం, గుణుపురం నుంచి వచ్చిన మూడు ఉత్తరాలూ పాత లారీల కూలెంటు (ఇంజనును చల్లబరచడానికి రేడియేటరులో పోసే ద్రవం) గురించినవే కావడంతో వాటికి ఒకేచోట సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది రాయగడ. 2005లో మా నాన్నగారు కొన్న ఆరు సిలిండర్ల లారీని ఇప్పుడు నేనే నడుపుకుంటున్నాను. పార్వతీపురంలో సిమెంటో కిరాణా సరుకో ఎత్తుకుని లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లడం, వచ్చేటప్పుడు జేకేపూర్ కాగితం మిల్లుకు నీలగిరి కర్ర దొరికితే వేసుకురావడం మా పని. పార్వతీపురం వరకే వెళ్లి వస్తే రేడియేటరులో నీళ్లు ఇంచుమించు తగ్గవు. కోరాపుట్ వెళ్లి వస్తే మాత్రం అయిదారు లీటర్లు పోయాల్సి వస్తోంది. ఉదయం చూస్తే బండి కింద చుక్క తడి ఉండదు. రేడియేటరుకు రెండుసార్లు మాటు వేయించాను, హోస్ పైపులన్నీ మార్పించాను, మూడు నెలలుగా ఆకుపచ్చ కూలెంటే పోస్తున్నాను. ఇప్పుడు మా మేస్త్రి హెడ్ గాస్కెట్ (ఇంజను పైభాగమైన హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందనీ, హెడ్డు దించక తప్పదనీ అంటున్నాడు. లేతు పనితో కలిపి ఆ ఖర్చు నేను మోయలేనిది, పైగా వారం రోజులు బండి షెడ్డులో ఉండిపోతుంది. దించమంటారా? వానాకాలం కావడంతో బ్రేకుల ఎయిర్ ట్యాంకులో కూడా నీళ్లు ఎక్కువగా పడుతున్నాయి. అవి కాస్త ఆకుపచ్చ ఛాయలో ఉంటున్నాయని మా క్లీనరు అంటున్నాడు. దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటాను. — ఒక లారీ యజమాని, రాయగడ

సమాధానం: ఇప్పుడే దించకండి. సంబంధం లేదనుకుని మీరు ఉత్తరం చివర రాసిన మాటే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. వానాకాలంలో గాలిలోని తేమ ఎయిర్ ట్యాంకులో నీరుగా దిగడం సహజమే. దానిలో కంప్రెసర్ ఆయిలు కలిస్తే బూడిద రంగుగానో నురుగుగానో కనిపించవచ్చు గాని, ఆకుపచ్చ ఛాయ మాత్రం తేమ వల్ల రాదు. రేడియేటరులో ఉండవలసిన కూలెంటు బ్రేకుల ట్యాంకులోకి చేరుతోందంటే, ఆ రెండూ కలుసుకునే చోటు లారీలో ఒక్కటే ఉంది. అది బ్రేకులకు గాలి పట్టే, నీళ్లతో చల్లబడే ఎయిర్ కంప్రెసర్ హెడ్డు. మీ క్లీనరు గమనించిన సంగతి మీ మేస్త్రికి చెప్పారో లేదో ఉత్తరంలో లేదు. చెప్పకపోతే ఈ రోజే చెప్పండి.

అయితే దూరాన కూర్చుని ఉత్తరం చదివి లోపం ఇదేనని తీర్మానించడం సరి కాదు. పాత బండిలో ఒకేసారి రెండు మూడు చోట్ల నీళ్లు పోవడం కూడా మామూలే. కనుక నీళ్లు ఏ దారిన పోతున్నాయో మీ కళ్లతో మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాను. దీనిలో చాలా భాగానికి డబ్బు ఖర్చు కాదు, ఒక పూట ఓపిక చాలు. ఇంతవరకు మీరు మాటుకూ పైపులకూ పెట్టిన ఖర్చంతా లీకు ఎక్కడుందో తెలియకముందే పెట్టినది. హెడ్డు విషయంలో కూడా అలా జరగకూడదన్నదే నా ఆరాటం.

మొట్టమొదట ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా తీసుకోండి. రేడియేటరు మూత పక్కనుంచి కిందికి దిగే సన్నని ఓవర్‌ఫ్లో పైపు కొసను ఆ సీసాలోకి దింపి, గాలి ఆడేటట్లు మూతి బిగించకుండా, ఫ్యానుకూ సైలెన్సర్ పైపుకూ తగలని చోట తీగతో కట్టండి. మీ బండికి విడిగా పక్క ట్యాంకు ఉంటే దాని ఓవర్‌ఫ్లో పైపుకు ఇదే పని చేయండి. అలా కట్టి ఒకసారి కోరాపుట్ వెళ్లి రండి, మధ్యలో ఆగినప్పుడల్లా సీసా నిండిందేమో చూసి కొలుచుకుని ఖాళీ చేయండి. పోయిన నీళ్లలో ఎక్కువ భాగం సీసాలో దొరికితే, మీ రేడియేటరుకూ పైపులకూ చిల్లు లేదని, లోపలినుంచి ఏదో ఒత్తిడి నీళ్లను మూత దాటించి బయటికి నెడుతోందని అర్థం. సీసాలో ఏమీ లేకుండా నీళ్లు తగ్గితే అవి దారిలో బయటికి కారి వేడికి ఆరిపోతున్నాయి, లేదా ఇంజను లోపలికి పోతున్నాయి. ఉదయం నేల తడిగా లేకపోవడాన్ని బట్టి లీకు లేదనుకోవడానికి వీల్లేదు. వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకునే సన్నని పగులు, చల్లబడితే మూసుకుపోతుంది. కారిన నీరు వేడి ఇంజను మీదనే ఆవిరై, ఒక తెల్లని లేదా తుప్పు రంగు చారను మాత్రం మిగులుస్తుంది.

నీళ్లు సీసాలో దొరికాయనుకుందాం. అప్పుడు మొదట అనుమానించవలసింది రేడియేటరు మూతను. మూత పని దుమ్ము పడకుండా చూడడంతో అయిపోదు, లోపల ఒత్తిడిని నిలబెట్టవలసింది కూడా అదే. సముద్ర మట్టం దగ్గర మామూలు నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 97 డిగ్రీలకే మరుగుతుంది. మూత మీద 7 అని గుర్తు ఉంటే, అది చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి వరకు నీటిని ఆపగలదన్నమాట. ఆ ఒత్తిడి నిలబడితే అదే కోరాపుట్‌లో నీరు 109 డిగ్రీల దాకా మరగదు. మూతలోని రబ్బరు వాషరు గట్టిపడినా, స్ప్రింగు నీరసించినా ఆ పన్నెండు డిగ్రీల వెసులుబాటు పోతుంది. పార్వతీపురం దారిలో ఏ లోపమూ కనిపించని బండి, లోడుతో లక్ష్మీపూర్ ఘాటీ ఎక్కేసరికి నీళ్లు కక్కేస్తుంది. మూత ఖరీదు తక్కువ. మీ బండికి చెప్పిన ఒత్తిడి గుర్తే ఉన్న కొత్త మూత తెచ్చి వేసి చూడండి. ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే మంచిదని కొందరు చెబుతారు గాని, ఇరవై ఏళ్ల రేడియేటరు దానికి తట్టుకోలేదు. ఇంకొక గుర్తు కూడా ఉంది. బండి చల్లారాక పై హోస్ పైపు నొక్కుకుపోయి కనిపిస్తే, మూత మధ్యలో గాలిని లోపలికి రానిచ్చే చిన్న వాల్వు పట్టేసిందని తెలుసుకోవాలి.

సీసా ఖాళీగా ఉంటే చల్లటి ఇంజను మీద ఒత్తిడి పరీక్ష చేయించాలి. రేడియేటరు మూత స్థానంలో బిగించి చేతితో గాలి కొట్టే గేజీ పంపు మంచి రేడియేటరు షాపుల్లో దొరుకుతుంది. ముందురోజు ఇంజనును శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. మర్నాడు ఉదయం నీళ్లు నిండుగా పోసి, ఆ పంపుతో మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు మాత్రమే గాలి ఎక్కించి, పావుగంట సేపు ముల్లు కదులుతుందేమో చూడాలి. ముల్లు దిగుతూ ఉంటే తడి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. దానిని పట్టుకోవడానికి నేను చాలా ఏళ్లుగా వాడుతున్నది ముగ్గుపిండి. అనుమానమున్న అతుకుల మీదా, హోస్ క్లిప్పుల చుట్టూ, వాటర్ బాడీ (నీళ్లు తిప్పే పంపు) కింద పలచగా అద్దితే, కంటికి కనిపించని చెమ్మ కూడా ఆ తెల్లటి పొడిలో నల్లటి గీతగా దిగుతుంది. గాలి పీల్చే గొట్టం దగ్గరా బెల్టుల మీదా పిండి పడనివ్వకండి. వెనకవైపు చూడడానికి టార్చి లైటూ, చిన్న అద్దమూ ఉంటే చాలు. తడి కనబడిన చోటే లీకు అనుకోకుండా దాన్ని పట్టుకుని పైకి వెళ్లాలి. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు) మూత గాస్కెట్ దగ్గర పుట్టిన చుక్క ఇంజను బ్లాకు అంచు వెంబడి జారి, రెండడుగుల అవతల కింది పైపు మీద రాలుతుంది. అలాంటప్పుడు ఆ పైపును ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. మీ విషయంలో హోస్ పైపులన్నీ మార్చినా మార్పు లేదంటున్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

వాటర్ బాడీ కింది భాగంలో, షాఫ్టుకు దిగువన, చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు నీళ్లు బేరింగులోకి పోకుండా బయటికి వచ్చి సంగతి తెలియజేయడానికే కంపెనీవాళ్లు దానిని పెట్టారు. ఆ రంధ్రం చుట్టూ తుప్పు చారో, ఎండిన ఆకుపచ్చ పొరో ఉంటే సీలు పోయినట్లే. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఫ్యాను రెక్కను చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపి చూడండి, ఆట ఉంటే బేరింగు కూడా అరిగిపోయింది. కారడం ఆపాలని ఆ రంధ్రాన్ని ఎమ్-సీల్‌తో మూసేసిన బండ్లు నా దగ్గరకు వచ్చాయి. అలా మూస్తే నీళ్లు బేరింగులోకి చేరి గ్రీజును కడిగేస్తాయి, కొన్నాళ్లకు బేరింగు విరిగి, తిరుగుతున్న ఫ్యాను నేరుగా రేడియేటరును చీల్చేస్తుంది. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఇంజను బ్లాకు పక్కన బిళ్ళల్లా దిగ్గొట్టి ఉండే గుండ్రటి రేకు మూతలను కూడా చూడండి. ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోసిన బండ్లలో అవి లోపలినుంచి తుప్పు తిని సూదిమొన అంత రంధ్రం పడతాయి.

ఇక మీ బండికి అన్నిటికంటే ముఖ్యమనిపిస్తున్న పరీక్షకు వస్తాను. రేడియేటరులో బుడగలు వస్తున్నాయని చూసి మీ మేస్త్రి హెడ్ గాస్కెట్ అని చెప్పి ఉంటారు. తొందరపడితే ఎవరైనా అలాగే అంటారు, ఒకప్పుడు నేనూ అన్నాను. సాలూరు ఘాటీలో తిరిగే ఒక బండికి బుడగలు చూసి నేను హెడ్డు దింపించాను, గాస్కెట్ మార్చాను, హెడ్డుకు లేతు మీద ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం) కూడా చేయించాను. బండి నాలుగో రోజునే మళ్లీ నీళ్లు కక్కుతూ వచ్చింది. ఆ యజమాని నన్ను ఒక్క మాట అనలేదు, కాని వారం రోజుల కిరాయి పోగొట్టుకున్న ఆయన ముఖం నేను మరచిపోలేదు. లోపం కంప్రెసర్ హెడ్డులో ఉంది. చాలా లారీల్లో బ్రేకులకు గాలి పట్టే కంప్రెసర్ హెడ్డుకు ఇంజను నీళ్లే రెండు సన్నని పైపుల ద్వారా వెళ్లి వస్తాయి. ఆ హెడ్డు కింది గాస్కెట్ చిట్లినా, హెడ్డు పగిలినా, కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ గాలి నీళ్లలోకి దూరి రేడియేటరును ఉబ్బిస్తుంది. ఆ ఒత్తిడికి మూత తెరుచుకుని నీళ్లు ఓవర్‌ఫ్లో దారిన రోడ్డుపాలవుతాయి. ఇంజను ఆపాక కథ తిరగబడుతుంది. రేడియేటరులో మిగిలిన ఒత్తిడికి నీళ్లు అదే పగులుగుండా కంప్రెసర్ సిలిండరులోకి చేరతాయి, మళ్లీ ఇంజను తిప్పగానే గాలితో పాటు ఎయిర్ ట్యాంకులోకి పోతాయి. బల్లపరుపు దారిలో బ్రేకు తక్కువగా వాడతారు కాబట్టి ట్యాంకు నిండాక కంప్రెసర్ ఎక్కువ సేపు భారం లేకుండా తిరుగుతుంది. ఘాటీ దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు వేయాలి కాబట్టి దానికి విశ్రాంతి దొరకదు. మీ నీళ్లు కోరాపుట్ దారిలోనే ఎందుకు పోతున్నాయో ఇది వివరిస్తుంది.

దీనిని తేల్చడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రెండు వైపులా రాళ్లో దుంగలో ఆనించి, గేరు తీసి ఉంచండి. ఎయిర్ ట్యాంకుల్లోని గాలినీ నీటినీ పూర్తిగా వదిలేయండి, ఆ నీటిని తెల్లటి గిన్నెలో పట్టి రంగు చూడండి. ఇంజను పూర్తిగా చల్లగా ఉండగా రేడియేటరు మూత తీసి, అంచు దాకా నీళ్లు పోసి, ఇంజను స్టార్టు చేసి, ఒకరు రేడియేటరునూ మరొకరు గాలి మీటరునూ చూడాలి. మొదటి నిమిషంలో వచ్చే కొన్ని బుడగలు లోపల చిక్కుకున్న గాలివి, వాటిని లెక్కపెట్టకండి. గాలి మీటరు పైకి ఎక్కుతున్నంతసేపూ ఎడతెగకుండా బుడగలు వచ్చి, గాలి నిండి అన్‌లోడర్ వాల్వు (ట్యాంకు నిండగానే కంప్రెసర్ భారం తీసే వాల్వు) బుస్సుమనగానే అవి ఆగిపోతే, బ్రేకు పదే పదే తొక్కి గాలి తగ్గించగానే మళ్లీ మొదలైతే, లోపం కంప్రెసర్‌లోనే ఉంది. మీటరుతో నిమిత్తం లేకుండా బుడగలు వస్తూనే ఉంటే ఇంజను హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఇంకా సందేహం మిగిలితే కంప్రెసర్‌కు వెళ్లే నీటి పైపునూ వచ్చే పైపునూ ఊడదీసి ఆ రెంటినీ ఒకదానికొకటి కలిపి, రెండు మూడు నిమిషాలు మాత్రమే ఇంజను తిప్పి చూడవచ్చు. నీళ్లు అందని కంప్రెసర్ త్వరగా వేడెక్కుతుంది కాబట్టి అంతకు మించి తిప్పకూడదు, ఆ స్థితిలో బండిని రోడ్డు మీదికి తీసుకుపోకూడదు. పొగలోని వాయువు నీళ్లలో ఉంటే రంగు మారే పరీక్ష ద్రవం పెద్ద షెడ్డుల్లో ఉంటుంది. కంప్రెసర్ నుంచి వచ్చేది ఉత్త గాలే కనుక దానికి ఆ ద్రవం రంగు మారదు. ఇది కూడా మంచి సాక్ష్యమే.

లోపం కంప్రెసర్‌దని తేలితే దాని హెడ్డు దించి, గాస్కెట్ మార్చి, రెండు ముఖాలూ సమతలంగా ఉన్నాయో లేదో ఉక్కు స్కేలు ఆనించి చూసి, పగుళ్లుంటే హెడ్డు మార్చాలి. ఇంజను హెడ్డుతో పోలిస్తే ఇది చాలా చిన్న పని. కంప్రెసర్ నుంచి ట్యాంకుకు పోయే ఇనుప గొట్టంలో మసి పేరుకుందేమో కూడా విప్పి చూడాలి, ఎందుకంటే ఆ గొట్టం పూడుకుపోతే హెడ్డు విపరీతంగా వేడెక్కి కొత్త గాస్కెట్ కూడా నిలవదు. చాలా బండ్లలో కంప్రెసర్‌కు ఇంజను ఆయిలే వెళుతుంది కాబట్టి డిప్‌స్టిక్కు (ఆయిలు మట్టం చూసే కడ్డీ) కూడా చూడండి, కంప్రెసర్ దారిన కూడా ఆయిల్లో నీళ్లు కలవవచ్చు. మరొక మాట నొక్కి చెబుతున్నాను. కూలెంటు తగిలిన బ్రేకు వాల్వులలో గ్రీజు కొట్టుకుపోయి రబ్బర్లు దెబ్బతినే అవకాశం ఉంది. ట్యాంకులన్నీ ఖాళీ చేసి, బ్రేకు వాల్వులనూ గాలి పైపులనూ చూపించి, ఖాళీ బండితో బ్రేకు పట్టును పరీక్షించాకే లోడు వేసుకుని లక్ష్మీపూర్ ఘాటీలోకి దిగండి. నీళ్ల సంగతి కంటే ఇది పెద్దది.

ఒకవేళ హెడ్ గాస్కెటే అని పరీక్షలు తేల్చితే అప్పుడు దించక తప్పదు. ఆయిలు మజ్జిగ రంగుకు తిరిగినా, వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి ఆవిరి వస్తున్నా ఇక బండి నడపకండి, బేరింగులు పోతాయి. దించినప్పుడు హెడ్డు వంగిందో పగిలిందో చూడకుండా ఊరికే గాస్కెట్ మార్చి బిగించవద్దనీ, బోల్టులను వాహన పుస్తకంలో చెప్పిన వరుసలో టార్కు రెంచి (బిగింపు బలం కొలిచే పానా) తోనే బిగించాలనీ మీ మేస్త్రిని అడగండి.

ప్రశ్న: మాది జయపురం. మా పాత బండికి ఎప్పుడూ బోరు నీళ్లో, దారిలో గెడ్డ నీళ్లో పోస్తూ వచ్చాం. చిన్న లీకు వస్తే గుప్పెడు పసుపు వేస్తే ఆగిపోయేది. కిందటి నెల ఎవరో చెబితే రేడియేటరు కడిగించి కూలెంటు పోయించాం. వారం తిరక్కుండా రెండు చోట్ల కారడం మొదలైంది. కూలెంటు వల్లనే లీకు వచ్చిందని మా డ్రైవరు, కాదని మా తమ్ముడు వాదిస్తున్నారు. — ఒక పాఠకుడు, జయపురం

సమాధానం: మీ తమ్ముడి మాటే సరైనది. బోరు నీటిలోని సున్నమూ, లోపలి తుప్పూ కలిసి గట్టిగా పేరుకుని ఇన్నాళ్లూ ఆ రంధ్రాలను పూడ్చి ఉంచాయి. కడిగినప్పుడు ఆ పూడిక కదిలిపోయింది, ఉన్న రంధ్రాలు బయటపడ్డాయి. మళ్లీ బోరు నీళ్లకు మారితే కొంతకాలానికి అవి పూడుకోవచ్చు గాని, అదే పూడిక రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ పేరుకుని ఘాటీలో ఇంజనును వేడెక్కిస్తుంది. కారుతున్న రెండు చోట్లనూ బాగు చేయించి కూలెంటునే ఉంచండి. మీది ఇత్తడి రేడియేటరైతే మాటు వేయవచ్చు. అయితే మాటు వేశాక నీళ్ల తొట్టిలో ముంచి గాలి ఎక్కించి చూపించమని దగ్గరుండి అడగండి. అల్యూమినియం గొట్టాలకు ప్లాస్టిక్ ట్యాంకు బిగించిన రకమైతే మాటు పనికిరాదు.

కూలెంటు చలిదేశాల వాళ్లకే అవసరమన్న అభిప్రాయం మన వైపు బలంగా ఉంది. గడ్డకట్టకుండా చూడడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పు పట్టనివ్వకపోవడం, మరుగు వేడిని పెంచడం, నీళ్లలోని మలినాల వల్ల వాటర్ బాడీ సీలు త్వరగా అరిగిపోకుండా కాపాడడం మనకు ఎక్కువ ముఖ్యం. సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మూత ఒత్తిడి లేకుండానే, మైదానంలో సుమారు 107 డిగ్రీల దాకా అది మరగదు. రంగును చూసి రకాన్ని పోల్చుకోకండి, ఏ రంగు ఏ రకానిదో అన్ని కంపెనీలూ పాటించే నియమం లేదు. పాత ఇత్తడి రేడియేటరులో సీసం కలిసిన మాటు ఉంటుంది, దానికి పడని కూలెంట్లు కూడా ఉన్నాయి కాబట్టి వాహన పుస్తకంలో రాసిన రకాన్నే అడిగి కొనండి, రెండు రకాలను కలపకండి. తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్లు పోస్తూ పోతే కొన్నాళ్లకు మిగిలేది పలచబడిన రంగు నీళ్లే.

పసుపు గురించి రాశారు కనుక చెబుతున్నాను. అది నిజంగానే పనిచేస్తుంది, అందుకే పెద్ద డ్రైవర్లందరి దగ్గరా పొట్లం ఉండేది. నీటిలో నాని ఉబ్బిన పొడి, కారే చోటికి నీళ్లతో పాటు చేరి అక్కడ చిక్కుకుంటుంది. కాని రంధ్రానికీ, రేడియేటరు గొట్టానికీ, థర్మోస్టాట్ సందుకూ తేడా దానికి తెలియదు. సీసాల్లో అమ్మే లీకు మందులకూ ఇదే లోపం ఉంది. సుంకి ఘాటీలో చీకటి పడ్డాక, దగ్గర్లో షెడ్డు లేని చోట, ఇంటికి చేరడానికి వాడితే తప్పు పట్టను. ఇంటికి చేరిన మర్నాడే అదంతా కడిగించి అసలు లీకును బాగుచేయించాలి.

ఘాటీలో ఆగవలసి వచ్చినప్పటి సంగతి కూడా ఇక్కడే రాయడం మంచిది. వేడి ముల్లు పైకి పోతూ ఉండి, నీళ్లు ఇంకా లోపల ఉన్నాయనిపిస్తే, బండిని పక్కకు తీసి, ఇంజనును వెంటనే ఆపకుండా, కాస్త ఎక్కువ స్పీడు మీద ఖాళీగా తిరగనివ్వండి, ఫ్యాను దానిని చల్లబరుస్తుంది. నీళ్లు మొత్తం పోయాయని తెలిస్తే మాత్రం తక్షణమే ఆపేయాలి. నీళ్లు సెన్సరు మట్టం కంటే దిగిపోతే ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోవచ్చు. అది చూసి బండి చల్లారిందనుకుని ఇంజను కాల్చుకున్నవాళ్లున్నారు. ఆగాక కనీసం ముప్పావుగంట ఆగండి. మూతను మందపాటి గోనెతో కప్పి, మొదటి మెట్టు వరకే తిప్పి, ఆవిరి పూర్తిగా పోయాక తీయండి. మరుగుతున్న రేడియేటరు మూత ఒక్కసారిగా తీసి ముఖం, చేతులు కాల్చుకున్న కుర్రవాళ్లను నేను చూశాను, ఆ మచ్చలు జీవితాంతం ఉంటాయి. గెడ్డ నుంచి తెచ్చిన చల్లటి నీళ్లను కాగిపోతున్న ఇంజనులో కుమ్మరిస్తే హెడ్డు పగలవచ్చు. చల్లారాక స్టార్టు చేసి, ఇంజను తిరుగుతుండగా కొంచెం కొంచెంగా పోయాలి.

ప్రశ్న: అయ్యా, మాది గుణుపురం. మా వారు లారీ పని ఇంటి ముందరే చేసుకుంటారు. కూలెంటు నేల మీద వదిలేస్తే పెంపుడు కుక్క వచ్చి నాకబోయింది. తరిమేశాను. ఇంట్లో చిన్నపిల్లలు, ఆవు దూడ కూడా ఉన్నాయి. ప్రమాదమా? — ఒక గృహిణి, గుణుపురం

సమాధానం: అమ్మా, ప్రమాదమే. మీరు తరిమి మంచి పని చేశారు. ఎక్కువ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, అందుకే జంతువులూ పసిపిల్లలూ దానివైపు పోతారు. కొద్ది మోతాదు కూడా మూత్రపిండాలను పాడుచేసి ప్రాణం తీయగలదు. ఎవరైనా తాగారన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా, పిల్లలైతే వెంటనే ఆసుపత్రికి, పశువులైతే పశువుల డాక్టరు దగ్గరకు, కూలెంటు డబ్బాను కూడా వెంటబెట్టుకుని వెళ్లాలి. నేల మీద పడినదాని మీద ఇసుక గాని, రంపపు పొట్టు గాని పోసి పీల్చుకున్నాక ఎత్తివేసి, ఆ చోటును నీళ్లతో బాగా కడగండి. ఆ కడిగిన నీళ్లు నూతివైపు గాని, గెడ్డవైపు గాని పోనివ్వకండి. ఇకమీదట రేడియేటరు కింద వెడల్పాటి తొట్టి పెట్టి అందులోకే వదలమని, మిగిలినదాన్ని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, తాగే నీళ్ల సీసాలో ఎంతమాత్రం కాకుండా, పిల్లలకు అందని ఎత్తులో ఉంచమని మీ వారికి చెప్పండి.